బెజవాడ, గుంటూరు ఇళ్లలో కర్ణాటక సంగీతం వినడానికి ఇప్పుడు ఏ దారి మేలు?

ఒకప్పుడు ఈ ప్రశ్న వచ్చేదే కాదు. పున్నమ్మతోటలో ఆకాశవాణి ఉంది, ఇంట్లో సెట్టు ఉంది, అంతే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రంలో బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, అన్నవరపు రామస్వామి లాంటివాళ్లు కొలువు చేశారు. పొద్దున భక్తిరంజని, ఆ తర్వాత సంగీత శిక్షణ, రాత్రికి కచేరీ. ఏం వినాలో ఆ కేంద్రమే చూసుకునేది, శ్రోత పని సెట్టు ఆన్ చేయడమే.

ఇప్పుడు ఆ సంగీతం నాలుగైదు చోట్లకి చెదిరిపోయింది. స్థానిక కేంద్రంలో శాస్త్రీయ సంగీతానికి ఇచ్చే వేళలు తగ్గాయి. నిలయ విద్వాంసులు (కేంద్రంలోనే ఉద్యోగం చేసే కళాకారులు) రిటైరైపోతుంటే చాలా కేంద్రాల్లో ఆ కుర్చీలు నిండటం లేదు. మరోపక్క 2016 జనవరి 26న ఆకాశవాణి 'రాగం' పేరుతో 24 గంటల శాస్త్రీయ సంగీత ఛానెల్ మొదలుపెట్టింది, కానీ మన ఊళ్లో మామూలు రేడియో ముల్లు తిప్పితే అది తగలదు. దానికి డిష్ (నెల చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ లాంటిది) అయినా కావాలి, ఇంటర్నెట్ అయినా కావాలి. ఇంట్లో పెద్దాయన "రేడియోలో సంగీతమే రావట్లేదురా" అంటే, పిల్లలు "ఇరవై నాలుగ్గంటలూ వస్తోంది నాన్నా" అంటారు. చెప్పాలంటే ఇద్దరి మాటా నిజమే.

### ముందు తేల్చుకోవాల్సినవి

ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పాట ఎవరు ఎంచాలి? తామే వెతికి, నచ్చింది పెట్టుకుని వినేవాళ్లు కొందరు. ఎవరో ఒకరు వరసగా వినిపిస్తుంటే పని చేసుకుంటూ వినేవాళ్లు కొందరు. రెండో రకంవాళ్లకి స్ట్రీమింగ్ యాప్ పెట్టిస్తే నెల తిరిగేలోపు వినడమే మానేస్తారు. ఇంట్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి, ఎందుకంటే కొనిచ్చేవాళ్లు మొదటి రకం, వినేవాళ్లు రెండో రకం.

తర్వాత శబ్దం. గాత్రం ఒక్కటే చాలనుకునేవారికి ఒక లెక్క, వీణ, వయొలిన్ వినేవారికి ఇంకో లెక్క. ఆ తర్వాత బటన్లు నొక్కేది ఎవరో చూడాలి. మన ప్రాంతపు కళాకారులు వినిపిస్తారా, కరెంటు పోతే ఏమవుతుంది, అయిదేళ్ల తర్వాత ఆ సేవ ఉంటుందా అన్నవి కూడా లెక్కలో పెట్టుకోవాలి. చివరిది తేలిగ్గా తీసేయకండి. వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియోలో 'శ్రుతి' అనే కర్ణాటక సంగీత ఛానెల్ ఉండేది. చందా కట్టి, దానికని ప్రత్యేకంగా సెట్టు కొన్నవాళ్లు ఎందరో. 2009 డిసెంబరు 31తో ఇండియాలో ఆ సేవ ఆగిపోయింది. ఆ సెట్లు వేరే దేన్నీ పట్టలేవు, అటక మీదికి పోయాయి.

| దారి | శబ్దం | మన ప్రాంత కళాకారులు | పెద్దవాళ్లకు సులువు | నెల ఖర్చు | కరెంటు పోతే |
|---|---|---|---|---|---|
| మీడియం వేవ్ 837 | మూగగా ఉంటుంది, గరగర | ఇక్కడే ఎక్కువ | చాలా సులువు | లేదు | బ్యాటరీ మీద నడుస్తుంది |
| ఎఫ్‌ఎం | బాగుంటుంది | కొద్దిగా | చాలా సులువు | లేదు | బ్యాటరీ మీద నడుస్తుంది |
| ఫ్రీ డిష్‌లో రాగం | శుభ్రంగా ఉంటుంది | అప్పుడప్పుడు | ఒకసారి నేర్పాలి | లేదు | ఆగిపోతుంది |
| ఆకాశవాణి యాప్ | నెట్‌ని బట్టి | కేంద్రం ఎంచుకోవచ్చు | కష్టం | డేటా | ఫోన్ ఛార్జి, నెట్ ఉన్నంతసేపు |
| స్ట్రీమింగ్, యూట్యూబ్ | చాలా బాగుంటుంది | వెతుక్కోవాలి | కష్టం | డేటా, చందా | ఫోన్ ఛార్జి, నెట్ ఉన్నంతసేపు |

### మీడియం వేవ్: 837 కిలోహెర్ట్జ్

విజయవాడ కేంద్రం పాత చిరునామా ఇదే. భక్తిరంజని కోసం, స్థానిక కళాకారుల కోసం రేడియో పెట్టేవాళ్లకి నేటికీ ఇదే మొదటి దారి. సెట్టు 800 నుంచి 2,500 రూపాయల్లో దొరుకుతుంది.

మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య జాగా 9 కిలోహెర్ట్జే. అందుకే చాలా సెట్లు 4 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని కోసేస్తాయి. గాత్రం, మృదంగంలో తొప్పి (ఎడమవైపు) బాగానే వినిపిస్తాయి. తంబురాలో జీవం పోసే ఆ దారపు ఝంకారం, వయొలిన్ పైస్థాయిలోని మెరుపు, మోర్సింగ్ కొస శబ్దాలు మాత్రం పోతాయి. వీణ వింటుంటే తీగ మీటిన చప్పుడు లేకుండా నాదమే వచ్చినట్టుంటుంది. సెట్టు ఎంత ఖరీదైనదైనా దీనికి మందు లేదు.

మందు ఉన్నది గరగరకి. దానికి కారణం నూటికి తొంభై పాళ్లు మన ఇంట్లోనే ఉంటుంది: ఎల్‌ఈడీ బల్బుల లోపలి డ్రైవర్లు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్, కేబుల్ బాక్సు అడాప్టర్. సెట్టుని బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ ఒక్క నిమిషం ఆపి చూడండి. గరగర పోయిందా, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మెయిన్ వేసి ఒక్కో స్విచ్చీ వేసుకుంటూ వస్తే ఏదన్నది తేలిపోతుంది. చాలా ఇళ్లలో దొరికేది చవక ఎల్‌ఈడీ ట్యూబు. రేడియోకి పెట్టిన చవక అడాప్టరే నేరస్థుడైన ఇళ్లు కూడా తక్కువేం కాదు.

రెండో సంగతి, సెట్టుని తిప్పి పెట్టడం. మీడియం వేవ్‌కి పైన లాగే గొట్టంతో పనే లేదు, ఎంత లాగినా లాభం ఉండదు. లోపల అడ్డంగా ఉండే ఫెరైట్ కడ్డీయే ఏరియల్. ఆ కడ్డీ కొస స్టేషన్ వైపు ఉంటే శబ్దం సన్నబడుతుంది, పక్కభాగం చూపిస్తే పెరుగుతుంది. బల్ల మీద సెట్టుని మెల్లగా పావు చుట్టు తిప్పి చూడండి. గుంటూరు బ్రాడీపేటలో మూడంతస్తుల ఇళ్ల మధ్య ఉన్నవాళ్లకి ఒక చిట్కా: అయిదు మీటర్ల మామూలు కరెంటు తీగ తీసుకుని, ఒక కొస సెట్టు చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, మిగతాది కిటికీ బయటికి వదలండి. దేనికీ అతికించక్కర్లేదు.

అంకెల తెర ఉన్న సెట్టు కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కొన్ని సెట్లు అమెరికా పద్ధతిలో 10 కిలోహెర్ట్జ్ చొప్పున దూకుతాయి. 830 తర్వాత 840 వస్తుంది, మధ్యలో 837 దొరకదు. "స్టేషన్ మూసేశారు" అనుకుని సెట్టు పక్కన పడేసినవాళ్లున్నారు. చాలా సెట్లలో దాన్ని 9కి మార్చే వీలుంటుంది. దుకాణంలోనే మార్పించి, 837 పెట్టించుకుని విన్నాకే డబ్బు ఇవ్వండి.

రాత్రిళ్లు దూరపు స్టేషన్లు వస్తాయి. చెన్నై 720, బెంగళూరు 612, హైదరాబాద్ 738. అలలా పెరిగీ తరిగీ వినిపిస్తాయి. చెన్నై కచేరీల కోసం ఆ అవస్థ పడేవాళ్లని తప్పుపట్టలేం గానీ, అదే కార్యక్రమం యాప్‌లో శుభ్రంగా దొరుకుతున్నప్పుడు ఇది ముచ్చటే తప్ప అవసరం కాదు.

డీఆర్‌ఎం (డిజిటల్ రేడియో) సంగతి కూడా ఇక్కడే. ఆకాశవాణి దేశంలో 35 దాకా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లకి ఈ డిజిటల్ పద్ధతి పెట్టింది. శబ్దం మీడియం వేవ్ కంటే ఎంతో మేలు. కానీ విడిగా సెట్టు కొనాలంటే మామూలు రేడియోకి ఎన్నో రెట్లు పెట్టాలి, దొరకడమూ కష్టమే. కొన్ని మారుతి, హ్యుందయ్ కార్లలో కంపెనీవాళ్లే పెట్టి ఇస్తున్నారు. మీ కారులో ఉందేమో చూసుకోండి, ఉంటే అదృష్టం. ఇంటికోసం కొనొద్దు. డీఆర్‌ఎం సంకేతం మామూలు సెట్టుకి తగిలితే నూనె మరుగుతున్నట్టు ఒకటే హోరు వినిపిస్తుంది. అది సెట్టు చెడిపోయిన చప్పుడు కాదు.

### ఎఫ్‌ఎం

విజయవాడ రెయిన్‌బో 102.2 మెగాహెర్ట్జ్. శబ్దంలో మీడియం వేవ్‌తో పోలికే లేదు, 15 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. కానీ అందులో ప్రధానం సినిమా పాటలు, కబుర్లు. ప్రైవేటు ఎఫ్‌ఎంల గురించి చెప్పక్కర్లేదు. త్యాగరాజ ఆరాధన రోజుల్లో కాసేపు సంగీతం వినిపిస్తే అదే పదివేలు. సంగీతం కోసమే అయితే ఎఫ్‌ఎం సెట్టు కొనొద్దు. ఎలాగూ ఉంటే ఏరియల్ని 75 సెంటీమీటర్ల వరకు లాగండి, హోరు ఉంటే స్టీరియో తీసి మోనో పెట్టండి. గుంటూరులో కింది అంతస్తుల్లో ఈ రెండూ చేస్తే చాలావరకు కుదురుతుంది.

### ఫ్రీ డిష్ మీద రాగం

ఒక్కటే ఎంచుకోమంటే చాలా ఇళ్లకి చెప్పదగ్గది ఇది. డిష్, పెట్టె, బిగింపు కలిపి సుమారు 1,500 నుంచి 2,500 రూపాయలు, తర్వాత నెలకి పైసా లేదు. శబ్దంలో హోరు, గరగర ఉండవు. రాత్రి రెండింటికి నిద్రపట్టక లేచినా ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు.

లోపాలు ముందే చెప్పుకుందాం. రాగం దేశమంతటికీ కలిపి ఒక్కటే ఛానెల్, అందుకని హిందుస్తానీ, కర్ణాటక రెండూ వస్తాయి. త్యాగరాజ కీర్తన తప్ప చెవికెక్కనివాళ్లు ఖయాల్ మొదలవగానే రిమోట్ కోసం వెతుక్కుంటారు. రాగం, తాళం తెలుగులో చెప్పేవాళ్లు ఉండరు. భక్తిరంజని ఉండదు. ఆకాశవాణి బి-హై గ్రేడు ఇచ్చిన మన ఊరి కళాకారిణి అరగంట కచేరీ ఇక్కడ వినాలంటే చాలా అదృష్టం ఉండాలి.

బిగింపు విషయానికొస్తే, ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పున ఉంది. బెజవాడ, గుంటూరుల నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కున, ఫోన్‌లో దిక్సూచి లెక్కన సుమారు 141 డిగ్రీలు, ఆకాశంలో దాదాపు 65 డిగ్రీల ఎత్తులో. ఇంత ఎత్తులో ఉండటం అపార్ట్‌మెంట్లవాళ్లకి కలిసొచ్చే సంగతి. పక్క ఇల్లు మీ డిష్ కంటే 10 మీటర్లు ఎత్తున్నా, అది 5 మీటర్ల అవతల ఉంటే అడ్డురాదు. అంచేత డాబా హక్కు లేకపోయినా ఆగ్నేయం వైపు బాల్కనీ ఉంటే, పై అంతస్తు బాల్కనీ అడ్డు రాకపోతే, పని జరగొచ్చు. డిష్ మొహం అంత పైకి చూస్తున్నట్టు కనపడదు. ఆఫ్‌సెట్ డిష్ తీరే అంత, బిగించే కుర్రాణ్ణి అనుమానించకండి.

చెడిపోయేది ఎక్కువగా డిష్ దగ్గరే. ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు కొసన ఉండే చిన్న రిసీవరుకి) కేబుల్ తగిలించే మొనలోకి వాననీళ్లు దిగి తుప్పు పడుతుంది. ఆ జాయింటుకి వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టించి, కేబుల్‌ని జాయింటు కంటే కిందికి ఒక వంపు తిప్పి తెచ్చేలా చూడండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. గాలివానకి నట్లు సడలితే డిష్ వేలెడంత జరిగినా చాలు, తెర నల్లబడుతుంది. కోతులు తిరిగే కొండవార ఇళ్లలో గాలివాన దాకా ఆగక్కర్లేదు. కుండపోత వానలో కాసేపు శబ్దం తెగిపోవడం మాత్రం మామూలే, మెకానిక్‌ని పిలవకండి.

ఒక్కోసారి ఛానెళ్ల వరస మార్చేస్తారు. ఉన్నట్టుండి రాగం కనిపించకపోతే పెట్టెలో ఆటో స్కాన్ చేయండి. కొనేముందు దుకాణంలోనే పెట్టె ఆన్ చేయించి, రిమోట్ మీద టీవీ, రేడియో మార్చే బటన్ ఎక్కడుందో చూసి, రాగం వినిపించమని అడగండి. రేడియో జాబితా పెద్దది కాబట్టి రాగాన్ని ఫేవరెట్‌లో పెట్టించుకోండి.

చాలామందికి తట్టనిది ఇంకోటుంది. సంగీతం వినడానికి టీవీ వెలుగుతూ ఉండక్కర్లేదు. పెట్టె వెనక ఎరుపు, తెలుపు సాకెట్ల నుంచి ఆర్‌సీఏ తీగ ఒకటి లాగి పాత టేప్‌రికార్డర్ ఆక్స్‌కో, చిన్న ఆంప్లిఫయర్‌కో ఇవ్వండి. చాలా పెట్టెలు ఆపినప్పుడు ఉన్న ఛానెల్‌తోనే మళ్లీ తెరుచుకుంటాయి. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకి అచ్చం పాత రేడియోలాగే ఒకే స్విచ్చి. పైగా సీరియల్ చూసేవాళ్లతో పేచీ ఉండదు, ఇంట్లో మామూలు టీవీకి వేరే కేబుల్ కనెక్షన్ ఉంటే.

### ఆకాశవాణి యాప్

న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాద్, చెన్నై, రాగం అన్నీ ఒకచోట ఉంటాయి. భక్తిరంజని, రాగం రెండూ ఒకేచోట కావాలంటే దారి ఇదే. గుంటూరు నుంచి వెళ్లి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లకి ఇక వేరే మాటే లేదు.

సెకనుకి 64 కిలోబిట్ల ప్రసారమైతే గంటకి సుమారు 29 ఎంబీ, 128 అయితే 58 ఎంబీ. రోజుకి మూడు గంటలు విన్నా ఇప్పటి డేటా ప్యాకుల్లో అది లెక్కలోకి రాదు. బాధంతా వేరేచోట. తెర ఆరిపోయిన కాసేపటికి కొన్ని ఫోన్లు వాటంతట అవే యాప్‌ని ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో న్యూస్‌ఆన్‌ఎయిర్, అందులో బ్యాటరీ తెరిచి 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెడితే చాలావరకు తగ్గుతుంది. ఫోన్ వస్తే పాట ఆగుతుంది, మాట్లాడాక మళ్లీ తనంతట మొదలవకపోవచ్చు. ప్రసారం గాలిలో వచ్చేదానికంటే అర నిమిషమో ఇంకాస్తో వెనకబడి వస్తుంది, గడియారం సరిచేసుకోవడానికి పనికిరాదు.

ఫోన్ స్పీకరు మీద మాత్రం వినకండి, అది మీడియం వేవ్ కంటే అన్యాయం. 1,500 రూపాయల బ్లూటూత్ స్పీకరు చాలు. పెద్దవాళ్ల కోసమైతే వాడకుండా పడున్న పాత ఫోన్ని సిమ్ తీసేసి, వైఫైకి కలిపి, స్పీకరు పక్కనే ఛార్జరుకి తగిలించి, అందులో ఈ యాప్ ఒక్కటే ఉంచండి. అప్పుడు కాల్స్ బెడద కూడా పోతుంది.

### స్ట్రీమింగ్, యూట్యూబ్

నేర్చుకునేవాళ్లకి ఇదే సరైనది. ఒకే కీర్తన నలుగురు ఎలా పాడారో వరసగా వినొచ్చు, ఒక సంగతి (పంక్తిని మార్చి పాడే తీరు) దగ్గర ఆపి పదిసార్లు తిప్పుకోవచ్చు. రేడియోలో అది కుదరని పని. ప్రసార భారతి ఆర్కైవ్స్ తన పాత రికార్డింగులు కొన్ని యూట్యూబ్‌లో పెట్టింది. సంగీతప్రియ వెబ్‌సైట్‌లో లాభాపేక్ష లేకుండా పంచుకునే కచేరీలు బోలెడు.

ఊరికే వినేవాళ్లకి మాత్రం చికాకులున్నాయి. సీడీ ఆల్బమ్‌లలో రాగాలాపన ఒక ట్రాకు, కీర్తన ఒక ట్రాకు, తని (మృదంగం విడిగా వాయించే భాగం) ఒక ట్రాకు. షఫుల్ ఆన్‌లో ఉంటే తోడి ఆలాపన అయ్యాక తోడి కీర్తన రాదు, ఏదో తిల్లానా వస్తుంది. ముందు షఫుల్, ఆటోప్లే రెండూ ఆపండి. రాగాల పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి వెతుకులాటలో కీర్తన పల్లవితో వెతకడం మేలు. చందా కట్టకపోతే నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా పెంచి పాడటం) మధ్యలో టూత్‌పేస్టు ప్రకటన ఖాయం.

ముందే పాటలు నింపి అమ్మే కారవాన్ తరహా పెట్టెలు కూడా ఉన్నాయి. బహుమతిగా ఇవ్వడానికి బాగుంటాయి. రోజూ వింటే కొన్నాళ్లకి తర్వాత వచ్చే పాట ఏదో తెలిసిపోతుంది.

### ఎవరికి ఏది

పూజ వేళకి భక్తిరంజని, తెలుగులో అనౌన్స్‌మెంట్ కావాలనుకునే పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే మీడియం వేవ్ సెట్టు ఉంచి, పక్కన ఫ్రీ డిష్ పెట్టించండి. సెట్టు తీసేసి డిష్ పెట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చాలాచోట్ల కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. అలాంటి రోజున నడిచేది బ్యాటరీ సెట్టు ఒక్కటే. సెల్స్ నెలకోసారి తీసి చూడండి, కారితే స్ప్రింగులు తినేస్తాయి.

వంట చేస్తూనో, దుకాణంలో కూర్చునో పొద్దంతా వినేవాళ్లకి రాగం. వైఫై ఉంటే యాప్‌లో, లేకపోతే డిష్ మీద. వీణ, వయొలిన్ మీద ప్రాణం ఉన్నవాళ్లు మీడియం వేవ్ జోలికే పోవద్దు. సంగీత కళాశాలలో చేరిన పిల్లలకి యూట్యూబ్ తప్పదు, కానీ రోజుకి ఒక గంట రాగం ఛానెల్ కూడా వినమనండి. పేరు చెప్పకముందే రాగం గుర్తుపట్టే సాధన, తనే పాట ఎంచుకునేవాళ్లకి దొరకదు.

స్థానిక కచేరీలు తగ్గాయని కోపం ఉన్నవాళ్లు ఇంకో పని చేయొచ్చు. కేంద్రానికి రాసే ఉత్తరంలో "సంగీతం నాశనమైపోయింది" అని రాస్తే దాని మీద ఎవరూ ఏమీ చేయలేరు. తేదీ, టైము, ఏ ఫ్రీక్వెన్సీ, ఎవరి కచేరీ, ఏం జరిగింది అన్నవి నాలుగు వాక్యాల్లో రాయండి. తని మధ్యలో వార్తల కోసం కోశారా, రాగం పేరు తప్పు చెప్పారా, ముందు ప్రకటించిన కచేరీ బదులు ఇంకేదో వేశారా? బాగున్న కార్యక్రమానికీ అలాగే ఒక కార్డు రాయండి. ఆ వేళ నిలబెట్టాలని లోపల వాదించేవాళ్లకి చూపించుకోవడానికి ఒక కాగితమన్నా ఉంటుంది.